ఏడేళ్ల గ్యాప్ తర్వాత ఒళ్లు మళ్లీ దారిలో పెట్టాలి, ముందు తిండా వ్యాయామమా?

మాజీ_రన్నర్:
నమస్తే అందరికీ. వయసు 43, ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 91 కిలోలు, నడుము చుట్టుకొలత 104 సెంటీమీటర్లు. ఒకప్పుడు పొద్దున్నే పది కిలోమీటర్లు పరిగెత్తి వచ్చి తాపీగా ఆఫీసుకి వెళ్లేవాణ్ని. తర్వాత ఉద్యోగం మారింది, పిల్లలు పుట్టారు, కుర్చీలోంచి లేవని పని, ఏడేళ్లు ఎటు పోయాయో తెలీదు. మొన్న చెకప్‌లో హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల షుగర్ ఎలా ఉందో చెప్పే పరీక్ష) 6.1, బీపీ 138/88, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు) 210, పైగా స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ మొదటి గ్రేడు అని రాశారు. డాక్టరు గారు "మూడు నెలలు తిండి, వ్యాయామం చూసుకోండి, అప్పటికీ ఇలాగే ఉంటే మందుల సంగతి ఆలోచిద్దాం" అన్నారు. బాగానే ఉంది, కానీ ఏం తినాలి, ఏం చెయ్యాలి అని అడిగేలోపు తర్వాతి పేషెంటుని పిలిచేశారు.

ఇంట్లో, ఆఫీసులో తలా ఒక మాట. మా బావమరిది రోజుకి ఒక్కపూట తిను చాలంటాడు. ఒక కొలీగ్ పిండి పదార్థాలు మొత్తం మానేసి రెండు వారాల్లో నాలుగు కిలోలు తగ్గానని ఫొటోలు పంపిస్తున్నాడు. జిమ్‌కి వెళ్లి అడిగితే ఏడాది ప్యాకేజీ గురించి తప్ప ఇంకేం చెప్పలేదు. నాకున్న టైమ్ పొద్దున ఓ 40 నిమిషాలు. కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు కొంచెం నొప్పిగా ఉంటుంది, ఎక్కేటప్పుడు పెద్దగా లేదు. మళ్లీ పరుగు మొదలుపెట్టాలా, బరువులు ఎత్తాలా? రోజూ పదివేల అడుగులు తప్పనిసరా? ముందు తిండి సరిచేసుకుని కాస్త బరువు తగ్గాక వ్యాయామం మొదలుపెడితే మోకాలికి మంచిదేమో అని కూడా అనిపిస్తోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

నెమ్మది_నడక:
రెండూ ఒకేసారి మొదలుపెట్టండి, కానీ ఒక్కోదాని నుంచి ఆశించేది వేరుగా పెట్టుకోండి. బరువు దిగేది ఎక్కువగా తిండితోనే. మీ బరువున్న మనిషి అరగంట వేగంగా నడిస్తే ఖర్చయ్యేది 150 నుంచి 200 కేలరీలు, టీతో పాటు నాలుగు క్రీమ్ బిస్కెట్లు నోట్లో వేసుకుంటే లెక్క చెల్లు. అలాగని నడక దండగని కాదు. షుగర్, బీపీ, నిద్ర, తగ్గిన బరువు మళ్లీ రాకుండా ఆపడం, ఇవన్నీ వ్యాయామం చూసుకునే పనులు, బరువు ఒక్క కిలో తగ్గకపోయినా అది తన పని తాను చేస్తుంది.

పదివేల అడుగుల సంగతి: అది ఏ డాక్టరూ పెట్టిన లెక్క కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరాన్ని అమ్మడానికి వాడిన అంకె, అలా ప్రపంచమంతా పాకిపోయింది. మీరు ఇప్పుడు రోజుకి మూడు వేలు నడుస్తుంటే ఐదు వేలకి వెళ్లడమే పెద్ద మార్పు. ఇంకో విషయం, నడిచే 40 నిమిషాలూ పొద్దున్నే అవ్వాల్సిన పని లేదు, మధ్యాహ్నం రాత్రి తిన్న తర్వాత ఓ పది పదిహేను నిమిషాలు నడిస్తే తిన్న తర్వాత పెరిగే షుగర్ బాగా తగ్గుతుంది. కదిలే కండ ఇన్సులిన్ కోసం ఎదురు చూడకుండా రక్తంలోంచి గ్లూకోజు లాక్కుంటుంది కాబట్టి మీలాంటి 6.1 వాళ్లకి ఇది చవకైన మందు.

ఒక్కపూట_యోగి:
ఇవన్నీ అనవసరం బ్రదర్. అన్నం, రొట్టె, చక్కెర, పండ్లు అన్నీ ఆపెయ్, రోజుకి ఒక్కసారి కడుపునిండా తిను, మిగతా టైమంతా నీళ్లు, బ్లాక్ కాఫీ. మొదటి వారంలోనే తేడా కనపడుతుంది. నేను అలాగే తగ్గాను. ఈ అడుగులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే జన్మలో తగ్గవు.

బార్‌బెల్_బాబాయ్:
పైన చెప్పిన దాని మీద తర్వాత ఎవరైనా మాట్లాడతార్లే, నేను వ్యాయామం వరకే చెప్తా. బాబూ, నీ ప్రశ్నలో నన్ను భయపెట్టింది హెచ్‌బీఏ1సీ కాదు, "ఒకప్పుడు పది కిలోమీటర్లు పరిగెత్తేవాణ్ని" అన్న ముక్క. అసలెప్పుడూ ఒళ్లు వంచనివాడు భయం భయంగా మొదలుపెడతాడు, వాడికేం కాదు. ఒకప్పుడు బాగా చేసినవాడే దెబ్బలు తగిలించుకుంటాడు, ఎందుకంటే బుర్రకి పాత వేగం గుర్తుంటుంది, గుండె ఊపిరితిత్తులు కూడా నాలుగైదు వారాల్లో సర్దుకుని సహకరించడం మొదలుపెడతాయి, కానీ కండని ఎముకకి పట్టి ఉంచే టెండన్లు మాత్రం చాలా నెమ్మదిగా గట్టిపడతాయి. వాటికి రక్త ప్రసారం తక్కువ. సరిగ్గా ఆయాసం తగ్గి "ఆహా, మళ్లీ ఫామ్‌లోకి వచ్చేశా" అనుకునే నాలుగో వారంలో మోకాలో మడమో పట్టేస్తుంది, ఇంక మళ్లీ సోఫా. ఆరంభశూరత్వం అని మనం తిట్టుకుంటాం గానీ చాలామంది ఆగిపోయేది బద్ధకంతో కాదు, ఈ నొప్పితో.

అందుకని పరుగు ఇప్పుడే వద్దు. అరగంట వేగంగా నడిచి, మర్నాడు పొద్దున మోకాలు ఎలా ఉందో చూసుకో. వేగం అంటే ఎంత అనుకుంటావేమో, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడమంటే మాత్రం ఊపిరి అందకూడదు, అంతే కొలత. ఇలా కొన్ని వారాలు ఏ ఇబ్బందీ లేకుండా నడిస్తే అప్పుడు ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాలు నడక అలా కలుపుకుంటూ పో. పాత టైమింగులు ఉన్న యాప్ ఏదైనా ఉంటే ఫోన్‌లోంచి తీసెయ్, అది చూస్తే ఆగలేవు.

బరువుల విషయానికొస్తే, తప్పకుండా చెయ్యాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మాదిరి వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టి వ్యాయామం అని ఉంటుంది, అందరికీ ఇంతవరకే గుర్తుంటుంది. అందులోనే వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి బలం వచ్చే వ్యాయామం అని కూడా ఉంది, దాన్నే ఎవరూ పట్టించుకోరు. తిన్న గ్లూకోజులో ఎక్కువ భాగం వెళ్లి చేరేది కండల్లోకే. తిండి తగ్గిస్తూ బలం వ్యాయామం చెయ్యకపోతే తగ్గే బరువులో కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, అప్పుడు సన్నబడతావు గానీ నీరసం, మళ్లీ తిండి మామూలైతే కొవ్వే వచ్చి చేరుతుంది.

దీనికి జిమ్ ప్యాకేజీ అక్కర్లేదు. కుర్చీ ఒకటి గోడకి ఆనించి పెట్టు, జరగకుండా. అంచున కూర్చుని మడమలు మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి లాక్కో, పాదాలు భుజాలంత ఎడం. ఛాతీ ముందుకి వంచి చేతుల సాయం లేకుండా లే. లేచేటప్పుడు ఊపిరి వదులు, బిగబట్టొద్దు, బిగబడితే బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది, నీది అసలే 138. అసలు పని దిగేటప్పుడు ఉంది: మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుంటూ నెమ్మదిగా దిగి కుర్చీని తాకాలి, దభీమని కూలబడకూడదు. మోకాళ్లు లోపలికి వాలిపోకుండా కాలి వేళ్ల వైపే ఉండాలి. ఇలా ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, కాసేపు ఆగి మళ్లీ, అలా రెండు మూడు విడతలు. మోకాలు నొప్పిగా అనిపిస్తే కుర్చీ మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచు. ఆ తర్వాత టేబుల్ అంచు పట్టుకుని పుషప్స్, పుస్తకాలు పెట్టిన బ్యాగుని నడుం వంచి పొట్ట వైపు లాగడం, మెట్టు అంచు మీద నిలబడి మడమలు ఎత్తి దించడం. 25 నిమిషాల్లో అయిపోతుంది. వారానికి మూడు రోజులు ఇది, మిగతా రోజులు నడక, ఒకరోజు ఊరికే ఉండు.

మర్నాడు తొడలు పట్టేసి మెట్లు దిగలేకపోతే కంగారు పడకు, ఒకటి రెండు రోజులు ఉండి పోయే ఒళ్లునొప్పి అది. కీలు దగ్గర సూదితో పొడిచినట్టు ఉన్నా, వాచినా, మోకాలు ఇరుక్కుపోయినా లేదా పట్టు తప్పి జారినా మాత్రం ఆపి చూపించుకో.

ఇంకా బరువు తగ్గాక మొదలుపెడతా అన్నావు, అలా వాయిదా వెయ్యకు. తొడ కండ బలపడితేనే ఆ మోకాలు కుదుటపడుతుంది. బరువు తగ్గడం కూడా కలిసొస్తుందనుకో, మోకాళ్లు అరిగిన పెద్దవాళ్ల మీద చేసి 2005లో అచ్చయిన అధ్యయనంలో ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గినట్టు తేలింది.

వంటింటి_లెక్క:
తిండి నేను చెప్తాను. ముందు మీ కొలీగ్ గారి నాలుగు కిలోల ముచ్చట. మన కండల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అని సుమారు అర కిలో చక్కెర నిల్వ ఉంటుంది, ప్రతి గ్రాముతో పాటు మూడు గ్రాముల దాకా నీళ్లు పట్టుకుని ఉంటుంది. పిండి పదార్థాలు ఆపెయ్యగానే ఆ నిల్వ, ఆ నీళ్లు కలిపి రెండు కిలోల దాకా దిగిపోతాయి. అందులో కొవ్వు కొంచెమే. ఒక్క విందు భోజనంతో ఆ నీళ్లు వెనక్కి వస్తాయి, మనిషి "నాకు గాలి పీల్చినా ఒళ్లొస్తుంది" అని ఏడుస్తాడు.

ఒక్కపూట యోగి గారూ, మీకు సరిపడితే సంతోషం, మిమ్మల్ని ఆపమని నేను అనను. ఉపవాసంతో తగ్గేది కూడా చివరికి తక్కువ తినడం వల్లే, అందులో మంత్రం లేదు. పొద్దున్నుంచీ కడుపు మాడ్చుకుని రాత్రి ఇంటికొచ్చి చేతికందింది తినేసే స్వభావం ఉన్నవాళ్లకి అది పూర్తిగా ఎదురు తిరుగుతుంది. ఈయనకి రోజంతా ఆఫీసు, ఇంట్లో చిన్నపిల్లలు, ఆ పళ్లేల్లో మిగిలినవి ఎవరు తింటారో మనందరికీ తెలుసు.

మాజీ రన్నర్ గారూ, ఏదీ మానేయకుండా పళ్లెం మార్చండి. సగం పళ్లెం కూరగాయలు, పావు వంతు ప్రొటీన్, మిగిలిన పావు అన్నమో రొట్టో మీరు మామూలుగా తినేదే. తినే వరుస కూడా మార్చి చూడండి, కూర, ప్రొటీన్ ముందు తిని పిండి పదార్థం చివర్లో తింటే తిన్న తర్వాత షుగర్ అంతగా ఎగబాకదు. చాలా ఇళ్లలో ప్రొటీనే తక్కువ పడుతుంది. మీరు చేరాలనుకునే బరువు 75 అనుకుంటే కిలోకి 1.2 గ్రాముల చొప్పున రోజుకి 90 గ్రాములు. గుడ్డులో ఆరు గ్రాములే ఉంటాయి, కప్పు ఉడికించిన పప్పుధాన్యాల్లో 15 నుంచి 18, మిగతాది చేప, చికెన్, పెరుగు, సోయా, ఏది తింటే అది. మూడు పూటలకీ పంచుకుంటే ప్రొటీన్ పౌడర్ డబ్బాతో పని పడదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్క డాక్టరుని అడక్కుండా పెట్టుకోవద్దు.

కనపడకుండా దూరేది నూనె. ఒక టేబుల్ స్పూన్ నూనె 120 కేలరీలు, కూరలోకి సీసా వంచి పోస్తే ఎన్ని స్పూన్లు పడ్డాయో ఎవరికీ తెలీదు. సీసా పక్కనపెట్టి స్పూనుతో కొలిచి పొయ్యండి, ఒక్క వారం చాలు, మీకే ఆశ్చర్యం వేస్తుంది. రెండోది తాగే చక్కెర: టీ, కాఫీ, కూల్ డ్రింకులు, "హెల్తీ" అని రాసిన పళ్లరసాలు. ఈ రెండిట్లో చెయ్యి బిగిస్తే చాలామందికి ఇంకేదీ లెక్కపెట్టాల్సిన అవసరం రాదు. ట్రైగ్లిజరైడ్లు 210 అన్నారు కాబట్టి మద్యం అలవాటుంటే అది కూడా చూసుకోండి, అడగలేదనుకోండి, అయినా చెప్తున్నా. బీపీకి ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు, అంటే అన్నీ కలిపి ఒక టీ స్పూను, అందులో చిప్స్, సాస్, ప్యాకెట్ సరుకు లెక్కలోకే.

ఎంత తగ్గాలి అన్న టెన్షన్ కూడా కొంచెం దింపుతాను. అమెరికాలో మూడు వేలమందికి పైగా, మీలాగే షుగర్ అంచున ఉన్నవాళ్లని తీసుకుని చేసిన పెద్ద ట్రయల్ 2002లో అచ్చయింది. పెట్టుకున్న లక్ష్యం ఉన్న బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం. ఉత్తుత్తి మాత్రలు ఇచ్చిన గుంపుతో పోలిస్తే వీళ్లలో డయాబెటిస్ రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడిన గుంపులో 31 శాతం. మీ 91 కిలోల్లో 7 శాతం అంటే ఆరున్నర కిలోలు కూడా కాదు. కాలేయంలో కొవ్వు అయితే 5 శాతానికే, అంటే నాలుగున్నర కిలోలకే తగ్గడం మొదలవుతుంది. సిక్స్ ప్యాక్ ఫొటోలు చూడ్డం మానేసి దీని మీద దృష్టి పెట్టండి.

బరువు రోజూ చూసుకున్నా పర్లేదు, కానీ ఏ రోజు అంకెనీ నమ్మొద్దు. రాత్రి ఉప్పు ఎక్కువ తింటేనే కిలో పెరుగుతుంది. వారం సగటు చూడండి. దానికన్నా టేపు మేలు, నడుము మీ ఎత్తులో సగం లోపు ఉండాలి, మీకు 86 అన్నమాట. 104 నుంచి 86 ఒక్కసారిగా రాదు, ముందు 100 లోపు దాటించండి.

ఒక్కపూట_యోగి:
నీళ్ల బరువు సంగతి సరేనండి, నాకు మాత్రం ఏడాది నుంచీ నిలబడింది. ఆయన పిల్లల పళ్లేలు కూడా తినేస్తాడంటే నేనేం చెప్పను.

మాజీ_రన్నర్:
పిల్లల పళ్లేల సంగతి ఎలా కనిపెట్టారండీ బాబూ. అందరికీ థాంక్స్, ఇవాళ కుర్చీ వ్యాయామం చేసి చూశా, నెమ్మదిగా దిగడం ఇంత కష్టమా? బాబాయ్, నాలుగో వారం మాట గుర్తుపెట్టుకుంటా. ఇంకో రెండు సందేహాలు. మా అక్క కూడా నాతో మొదలుపెడతానంటోంది, తనకి 51, ఐదారేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతోంది, బీపీ మాత్ర కూడా ఉంది. నేను చేసేవన్నీ తను చెయ్యొచ్చా? రెండోది, నాకు మధ్యలో ఒకసారి నెలకి టెస్ట్ చేయించుకుని చూసుకోవాలని ఉంది, తొందరేనా?

నైట్‌డ్యూటీ_నర్సు:
అక్కగారి మాత్రల పేర్లు చూసుకోవడం అన్నిటికంటే ముందు పని. ఒక్క మెట్‌ఫార్మిన్ అయితే పెద్ద భయం లేదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి గానీ ఇన్సులిన్ గానీ ఉంటే తిండి తగ్గించి నడక పెంచిన రోజున షుగర్ మరీ కిందికి పడిపోవచ్చు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, మాట తడబడటం, ఇవి ఆకలి అనుకుని ఓర్చుకోకూడదు, వెంటనే మూడు నాలుగు టీ స్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్లీ షుగర్ చూసుకోవాలి. నడకకి వెళ్లేటప్పుడు జేబులో గ్లూకోజు పెట్టుకోమనండి. మొదలుపెట్టే ముందే వాళ్ల డాక్టరుకి "ఇలా తిండి మారుస్తున్నాం, నడుస్తున్నాం" అని చెప్తే మోతాదు సర్దుతారు. బరువు తగ్గేకొద్దీ బీపీ మాత్ర కూడా ఎక్కువైపోయి లేవగానే కళ్లు తిరగొచ్చు, అప్పుడు సొంతంగా ఆపేయకుండా రీడింగులు రాసుకుని తీసుకెళ్లాలి. పాదాలకి తిమ్మిర్లు ఉంటే మెత్తటి బూట్లు, రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవడం. షుగర్ వల్ల కంట్లో దెబ్బతిన్నవాళ్లు బరువులు ఎత్తే ముందు కంటి డాక్టరుని అడగాలి, ఇది చాలామందికి ఎవరూ చెప్పరు. నడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టు ఉన్నా, ఎడమ చెయ్యో దవడో లాగినా ఇద్దరిలో ఎవరైనా సరే అక్కడే ఆగి ఆసుపత్రికి వెళ్లాలి, ఇంటికెళ్లి పడుకుంటే తగ్గుతుందిలే అనుకోవద్దు.

మీ సంగతి. నెలకే హెచ్‌బీఏ1సీ చేయిస్తే డబ్బులు దండగ. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, దానికి అంటుకున్న చక్కెరనే ఈ పరీక్ష కొలుస్తుంది, మూడు నెలలు ఆగితేనే మీరు చేసిన మార్పు కనపడుతుంది. రక్తహీనత ఉంటే ఆ అంకె తేడాగా రావచ్చు, హిమోగ్లోబిన్ కూడా ఒకసారి చూసుకోండి. ఈలోపు ఆత్రం ఆగకపోతే ఇంట్లో బీపీ చూసుకోండి, కానీ పద్ధతిగా: కాఫీ, వ్యాయామం అయ్యాక కనీసం అరగంట ఆగి, వీపు ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో టేబుల్ మీద పెట్టి. రెండుసార్లు చూసి సగటు రాసుకోండి.

నిద్ర గురించి ఎవరూ అనలేదు. ఏడు గంటలు పడుకోకపోతే మర్నాడు ఆకలి వేరే రకంగా ఉంటుంది, నాకు డ్యూటీ దిగి వచ్చిన పొద్దున తీపి తప్ప ఇంకేదీ కళ్లకి ఆనదు. గురక బాగా పెట్టి, పగలు తూగుతుంటే అది కూడా డాక్టరుకి చెప్పండి, బీపీ దిగకపోవడానికి అదో కారణం కావచ్చు.

మాజీ_రన్నర్:
గురక ఉందని మా ఆవిడ పక్కనుంచి చెప్తోంది. రాసుకున్నా. మూడు నెలల తర్వాత టెస్టుకి వెళ్లే ముందు రెండు మూడు రోజులు బాగా గట్టిగా వ్యాయామం చేసి వెళ్తే అంకెలు ఇంకాస్త బాగా వస్తాయా? నిజం చెప్పండి, తిట్టకండి.

నైట్‌డ్యూటీ_నర్సు:
తిట్టను, అందరూ అడిగేదే. హెచ్‌బీఏ1సీ మీ రెండు రోజుల హడావిడికి లొంగదు. లివర్ రిపోర్టు అయితే ఎదురు తిరుగుతుంది, అలవాటు లేని గట్టి వ్యాయామం చేస్తే కండల్లోంచి కూడా ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ (లివర్ పరీక్షలో కొలిచే ఎంజైములు) రక్తంలోకి వచ్చి పెరిగినట్టు చూపిస్తాయి, ఫ్యాటీ లివర్ ముదిరిందేమోనని మీరూ మీ డాక్టరూ కంగారు పడతారు. టెస్టుకి వారం ముందు నుంచి కొత్త బరువులేవీ ఎత్తొద్దు, రోజూ నడిచే నడక నడవండి. ముందురోజు రాత్రి విందులేవీ పెట్టుకోకుండా, ల్యాబ్ వాళ్లు చెప్పినన్ని గంటలు పరగడుపున ఉండి వెళ్లండి. ఏం వ్యాయామం చేస్తున్నారో డాక్టరుకి ముందే చెప్పండి, ఈసారి తర్వాతి పేషెంటుని పిలిచేలోపే.